అనర్హత వేటు పడితే ఏం పోతుంది: సీటా, పోటీ చేసే హక్కా?

మీ ప్రశ్న ముగ్గురు ఎమ్మెల్యేల గురించి. ఒకరిని పార్టీ సస్పెండ్ చేసింది. ఇంకొకరు ఒక పార్టీ గుర్తు మీద గెలిచి మరో పార్టీ కండువా కప్పుకున్నారు. మూడో ఆయనకు క్రిమినల్ కేసులో శిక్ష పడింది. ముగ్గురి విషయంలోనూ టీవీల్లో "అనర్హత వేటు" అన్న మాటే వినిపిస్తోంది, ముగ్గురికీ జరిగేది ఒకటేనా అని అడిగారు.

ఒకటి కాదు. మొదటి ఆయన సీటుకు ఏమీ కాదు. రెండో ఆయన సీటు పోవచ్చు గానీ, ఆ ఖాళీకి వచ్చే ఉప ఎన్నికలోనే మళ్లీ నిలబడవచ్చు. మూడో ఆయనకు శిక్ష రెండేళ్లు గానీ ఆపైన గానీ ఉంటే సీటూ పోతుంది, ఏళ్ల తరబడి పోటీ చేసే హక్కూ పోతుంది. అందుకే అనర్హత అన్న మాట ఎక్కడ కనిపించినా నాలుగు సంగతులు అడగాలి: ఏ నిబంధన కింద, ఏ రోజు నుంచి, తేల్చేది ఎవరు, ఎంతకాలం. నిబంధన మారితే మిగతా మూడూ మారిపోతాయి.

ముందు ఒక చిన్న తేడా చూడండి. అర్హత లేకపోవడం, అనర్హత రెండూ ఒకటి కావు. అసెంబ్లీకి నిలబడాలంటే 25 ఏళ్లు నిండాలి, ఆ రాష్ట్రంలో ఏదో ఒక నియోజకవర్గంలో ఓటరుగా పేరుండాలి. ఇవి అర్హతలు, రాజ్యాంగం 173వ అధికరణంలోనూ ప్రజాప్రాతినిధ్య చట్టంలోనూ ఉన్నాయి. ఇవన్నీ ఉన్న మనిషికి కూడా అడ్డుపడేది అనర్హత. అది అసెంబ్లీకి 191వ అధికరణంలో, పార్లమెంటుకు 102లో ఉంది. అక్కడి జాబితా చిన్నదే: ప్రభుత్వం కింద లాభదాయక పదవి, మతిస్థిమితం లేదని కోర్టు ప్రకటించడం, తీరని దివాలా, విదేశీ పౌరసత్వం, పార్లమెంటు చేసిన చట్టం కింద వచ్చే అనర్హత. వీటికి తోడు, ఫిరాయింపుల కోసం 1985లో 52వ సవరణతో చేర్చిన పదో షెడ్యూల్. మీ మూడో ఎమ్మెల్యే "పార్లమెంటు చేసిన చట్టం" కిందకి వస్తారు, రెండో ఎమ్మెల్యే పదో షెడ్యూల్ కిందకి వస్తారు. మొదటి ఆయన ఈ జాబితాలో ఎక్కడా లేరు.

ఎక్కువ గందరగోళం శిక్ష పడ్డప్పుడే వస్తుంది కాబట్టి దాన్ని వివరంగా చెప్తాను.

ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లో 8వ సెక్షన్‌కు మూడు మెట్లున్నాయి. 8(1)లో కొన్ని నేరాల పేర్లు విడిగా రాశారు: అవినీతి నిరోధక చట్టం, మాదకద్రవ్యాల చట్టం, అత్యాచారం, మతాల మధ్య వైరం రెచ్చగొట్టడం లాంటివి. వీటిలో దోషిగా తేలితే చాలు, ఎంత శిక్ష అన్నదాంతో పని లేదు. జరిమానా మాత్రమే పడినా దోషిగా తేలిన రోజు నుంచి ఆరేళ్లు అనర్హత. 8(2)లో సరుకుల అక్రమ నిల్వ, ఆహార కల్తీ, వరకట్నం వస్తాయి. వీటికి కనీసం ఆరు నెలల జైలు పడాలి. మిగతా ఏ నేరమైనా 8(3) కిందకి వస్తుంది, దానికి రెండేళ్లకు తగ్గని జైలుశిక్ష పడాలి.

ఇక్కడ "రెండేళ్లకు తగ్గని" అన్నమాట జాగ్రత్తగా చదవండి. సరిగ్గా రెండేళ్లు పడినా వర్తిస్తుంది. ఒక్క రోజు తగ్గితే వర్తించదు. 2023 మార్చి 23న సూరత్ కోర్టు పరువునష్టం కేసులో రాహుల్ గాంధీకి రెండేళ్ల శిక్ష వేసింది. ఆ నేరానికి చట్టంలో ఉన్న గరిష్ఠ శిక్షే అది. మర్నాడు లోక్‌సభ సచివాలయం ఆయన సభ్యత్వం పోయిందని నోటిఫికేషన్ ఇచ్చింది. అందులో అనర్హత మొదలైన తేదీ నోటిఫికేషన్ రోజు కాదు, తీర్పు వచ్చిన మార్చి 23. ఆగస్టు 4న సుప్రీంకోర్టు దోషిత్వం మీద స్టే ఇస్తూ, గరిష్ఠ శిక్ష ఎందుకు వేశారో కింది కోర్టు కారణం చెప్పలేదని, ఒక్క రోజు తక్కువ వేసి ఉంటే ఈ అనర్హత వచ్చేదే కాదని గుర్తుచేసింది. ఆగస్టు 7న సభ్యత్వం తిరిగి వచ్చింది.

రెండు మూడు నేరాలకు విడివిడిగా శిక్షలు పడి, ఒకదాని తర్వాత ఒకటి అనుభవించాలని కోర్టు చెబితే, రెండేళ్ల లెక్కకు అన్నీ కలుపుతారు. ఒక్కొక్కటి రెండేళ్లకు తక్కువే కదా అన్న వాదన 2005లో ప్రభాకరన్ వర్సెస్ జయరాజన్ కేసులో నిలబడలేదు. శిక్షలన్నీ ఏకకాలంలో నడవాలని ఉంటే మాత్రం వాటిలో పెద్దదే లెక్క.

ఎంతకాలం అన్నది చాలామంది తప్పు లెక్కేస్తారు. "ఆరేళ్ల అనర్హత" అని వార్తల్లో రాస్తారు, అది సగం నిజం. జైలుశిక్ష పడితే అనర్హత దోషిగా తేలిన రోజు నుంచి మొదలై, శిక్ష ముగించుకుని విడుదలైన తర్వాత ఇంకో ఆరేళ్లు నడుస్తుంది. మూడేళ్ల శిక్ష పూర్తిగా అనుభవిస్తే మొత్తం తొమ్మిదేళ్లు. అప్పీలు వేసి బెయిల్ మీద బయటికొస్తే అది ఈ సెక్షన్ చెప్పే విడుదల కాదు. ఆ బెయిల్ కాలమంతా అనర్హత నడుస్తూనే ఉంటుంది, తర్వాతి ఆరేళ్లలోంచి ఒక్క రోజు కూడా తగ్గదు.

దీనికి ముడిపడిందే ఇంకో పొరపాటు, అన్నింటికంటే ఖరీదైంది. అప్పీలు వేసినప్పుడు కోర్టు ఇచ్చే ఉత్తర్వులు రెండు రకాలు. ఒకటి శిక్ష అమలు నిలుపుదల: జైలుకు వెళ్లక్కర్లేదు, అంతే. రెండోది దోషిత్వం మీద స్టే: దోషి అన్న నిర్ధారణే ప్రస్తుతానికి ఆగుతుంది. అనర్హత ఆగాలంటే రెండోదే కావాలి. మొదటిది చేతిలో పెట్టుకుని "స్టే వచ్చింది" అని నామినేషన్ వేసినవాళ్లవి పరిశీలనలో తిరస్కరణకు గురవుతాయి. 2001లో జయలలిత విషయంలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది ఇదే: శిక్ష నిలిచిపోయినంత మాత్రాన దోషిత్వం పోదు, పోటీకి అనర్హులైన మనిషిని సభ్యత్వం లేకుండా ఆరు నెలల గడువు మీద ముఖ్యమంత్రిగా నియమించడమూ చెల్లదు. దోషిత్వం మీద స్టే అరుదుగానే ఇస్తారు. అడిగేటప్పుడు దాన్ని పిటిషన్‌లో విడిగా కోరాలి, అది రాకపోతే జరిగే నష్టం సరిదిద్దలేనిదని కారణాలతో చూపాలి. ఉత్తర్వు చేతికొచ్చాక అందులో "శిక్ష" అని ఉందా, "దోషిత్వం" అని ఉందా అని ఒక్కో మాటా చదవాలి.

స్టే వచ్చిన రోజు నుంచి అనర్హత పనిచేయదని 2018లో లోక్ ప్రహరీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కానీ సచివాలయం ఇచ్చిన నోటిఫికేషన్ దానంతటది చెరిగిపోదు. లక్షద్వీప్ ఎంపీ మహ్మద్ ఫైజల్‌కు 2023 జనవరి 11న శిక్ష పడింది, జనవరి 18న ఉప ఎన్నిక ప్రకటించారు, 25న కేరళ హైకోర్టు దోషిత్వాన్ని నిలిపేసింది. ఉప ఎన్నిక ఆగింది గానీ, సభ్యత్వం పునరుద్ధరిస్తూ నోటిఫికేషన్ వచ్చింది మార్చి 29న. కోర్టు ఉత్తర్వు కాపీ అందించి, పునరుద్ధరణ కోరుతూ రాతపూర్వకంగా వెంటపడక తప్పదని ఈ రెండు నెలల ఆలస్యం చెబుతోంది.

ఒకప్పుడు సిట్టింగ్ సభ్యులకు ఇంత గాభరా ఉండేది కాదు. 8(4) కింద మూడు నెలల వెసులుబాటు ఉండేది, ఈలోపు అప్పీలు వేస్తే అది తేలేదాకా పదవి పదిలం. 2013 జూలై 10న లిలీ థామస్ కేసులో ఆ ఉపసెక్షన్‌ను కొట్టేశారు. మామూలు అభ్యర్థికి లేని రక్షణ కుర్చీలో ఉన్నవాడికి ఎందుకన్నది ఆ కేసులో అసలు ప్రశ్న. ఆ తీర్పు సరైనదేనని నా అభిప్రాయం.

పై కోర్టులో తర్వాత నిర్దోషిగా తేలితే? ముందుకాలానికి అనర్హత పోతుంది. కానీ నామినేషన్ల పరిశీలన రోజున ఉన్న అనర్హత వెనక్కి వెళ్లి చెరిగిపోదు. ఇదీ 2005 నాటి ప్రభాకరన్ తీర్పులోదే. కాలాన్ని తగ్గించే అధికారం 11వ సెక్షన్ కింద ఎన్నికల కమిషన్‌కు ఉంది. 2019లో సిక్కిం ముఖ్యమంత్రి ప్రేమ్ సింగ్ తమాంగ్‌కు ఆరేళ్లను ఒక ఏడాది ఒక నెలకు తగ్గించింది. అవినీతి కేసులో దోషిగా తేలిన మనిషికి ఇంత పెద్ద మినహాయింపు ఇవ్వడం చట్టం ఉద్దేశానికే దెబ్బ అని ఇప్పటికీ అనుకుంటాను.

ఇప్పుడు పార్టీ మారిన ఎమ్మెల్యే సంగతి. పదో షెడ్యూల్ రెండో పేరా కింద సీటు పోవడానికి రెండు దారులు: తనంతట తాను పార్టీ సభ్యత్వం వదులుకోవడం, లేదా విప్‌ను (సభలో ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని) ధిక్కరించి ఓటేయడం, ఓటింగ్‌కు దూరంగా ఉండడం. విప్ ధిక్కరించినా, పార్టీ 15 రోజుల్లోగా క్షమిస్తే ఏమీ కాదు. ఇండిపెండెంట్‌గా గెలిచినవాళ్లయితే ఏ పార్టీలో చేరినా అనర్హతే.

"సభ్యత్వం వదులుకోవడం" అంటే రాజీనామా లేఖ ఉండాల్సిన పని లేదు. 1994లో రవి నాయక్ కేసులో, మనిషి ప్రవర్తనను బట్టి కూడా ఆ నిర్ణయానికి రావచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. 2007లో రాజేంద్ర సింగ్ రాణా కేసులో, ప్రత్యర్థి పార్టీ నేతను ప్రభుత్వ ఏర్పాటుకు పిలవమని గవర్నర్‌కు లేఖ ఇచ్చిన ఎమ్మెల్యేలు ఆ రోజే సొంత పార్టీని వదిలేసినట్టని తేల్చింది. స్పీకర్ ఎప్పుడు నిర్ణయం చెప్పినా, అనర్హత పుట్టేది ఫిరాయించిన రోజునే.

దీనికి పూర్తి వ్యతిరేక దిశలో ఉండేది మీ మొదటి ఎమ్మెల్యే సంగతి. పార్టీ సస్పెండ్ చేసినా, ఏకంగా బహిష్కరించినా, అది పార్టీ చేసిన పని, ఆయన చేసింది కాదు. సభలో ఆయన ఇంకా ఆ పార్టీ సభ్యుడిగానే లెక్క. 1996లో విశ్వనాథన్ కేసులో ఇదే చెప్పారు, "ఏ పార్టీకీ చెందని సభ్యుడు" అన్న వర్గం పదో షెడ్యూల్‌లో లేదని కూడా చెప్పారు. ఫలితంగా బహిష్కృత సభ్యుడు వేరే పార్టీలో చేరితే అనర్హత వర్తిస్తుంది. తమను వెళ్లగొట్టారు కాబట్టి స్వేచ్ఛ వచ్చిందనుకుని వేరే కండువా కప్పుకునేవాళ్లు పప్పులో కాలేసేది ఇక్కడే. సభ నుంచి స్పీకర్ చేసే సస్పెన్షన్ మళ్లీ వేరు. అది కొన్ని రోజులకో, ఆ సమావేశాలకో పరిమితం, సీటుతో సంబంధం లేదు.

చీలిక పేరుతో మూడో వంతు మంది బయటికొస్తే చాలన్న రక్షణ 2003 నాటి 91వ సవరణతో పోయింది. ఇంకా అదే చెప్పేవాళ్లున్నారు, నమ్మకండి. ఇప్పుడు మిగిలింది విలీనం ఒక్కటే, దానికి శాసనసభాపక్షంలో మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి. 2019 జూన్‌లో తెలంగాణలో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్‌ఎస్ శాసనసభాపక్షంలో విలీనమయ్యారు. 12 అంటే సరిగ్గా రెండొంతులు.

తేల్చేది స్పీకర్. పిటిషన్ వేయదలచినవాళ్లు చూసుకోవాల్సినవి ఇవి. పిటిషన్‌లో వాస్తవాలు తేదీలతో క్లుప్తంగా ఉండాలి: ఏ రోజు, ఎక్కడ, ఎవరి సమక్షంలో చేరారు, ఏ విప్ ఎప్పుడు ఎలా అందింది, ఓటింగ్‌లో ఏం చేశారు. ఆధారాల కాపీలు జతచేయాలి. పిటిషన్ మీదా, ప్రతి అనుబంధం మీదా సంతకం, సివిల్ దావా పత్రాల మాదిరి ధ్రువీకరణ ఉండాలి. లోక్‌సభ నిబంధనల ప్రకారం కాపీ అందిన సభ్యుడికి జవాబుకు ఏడు రోజులు. సభ్యులే కాదు, ఎవరైనా పిటిషన్ వేయవచ్చని 2013లో ఒడిశా స్పీకర్ కేసులో సుప్రీంకోర్టు అంది. పిటిషన్లు వీగిపోయేది ఎక్కువగా ఆధారాల దగ్గరే. పత్రికా క్లిప్పింగులు మాత్రమే పెడితే, "నియోజకవర్గ అభివృద్ధి కోసం ముఖ్యమంత్రిని కలిశాను, కప్పింది పార్టీ కండువా కాదు శాలువా" అన్న జవాబు వస్తుంది. చేరిక సభ పూర్తి వీడియో, ఆ పార్టీ అధికారిక ఖాతాలో పెట్టిన ప్రకటన, ఆ పార్టీ గుర్తు మీద పోటీ చేసి ఉంటే బీ-ఫారం (అభ్యర్థికి పార్టీ ఇచ్చే అధికారిక పత్రం), తర్వాత పార్టీ సమావేశాల్లో పాల్గొన్న రుజువులు ఇలా వరస కట్టాలి.

ఇంత చేసినా స్పీకర్ పిటిషన్‌ను పక్కన పెట్టేస్తే? ఇదే ఈ చట్టానికి పట్టిన చీడ. 1992లో కిహోటో హొల్లోహన్ కేసు స్పీకర్ నిర్ణయాన్ని కోర్టులు పరిశీలించవచ్చని చెప్పింది గానీ, నిర్ణయమే రాకపోతే పరిశీలించడానికి ఏముంటుంది? 2020లో మణిపూర్ కేసులో, అసాధారణ పరిస్థితులు తప్ప మూడు నెలల్లో తేల్చాలన్నారు. 2025 జూలై 31న పది మంది తెలంగాణ ఎమ్మెల్యేల మీద దాఖలైన అనర్హత పిటిషన్లపై కూడా మూడు నెలల్లో నిర్ణయం తీసుకోవాలని స్పీకర్‌ను సుప్రీంకోర్టు ఆదేశించింది. ఓటరు ఒక గుర్తు చూసి వేసిన ఓటు అయిదేళ్లూ ఇంకో గుర్తు కింద పనిచేస్తుంటే, కాలయాపన చేసినవాళ్లే గెలిచినట్టు. గడువును షెడ్యూల్‌లోనే రాయాలి, వేరే దారి లేదు.

వేటు పడ్డాక ఏం పోతుంది? సీటు. మంత్రి పదవి కూడా తీసుకోలేరు, మళ్లీ గెలిచేదాకానో ఆ సభాకాలం ముగిసేదాకానో. కానీ పోటీ హక్కు పోదు. 2019లో కర్ణాటక స్పీకర్ 17 మందిని సభాకాలం ముగిసేదాకా పోటీ చేయకుండా నిషేధిస్తే, అనర్హత వరకు సమర్థించి ఆ నిషేధాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. సీటు ఖాళీ అయితే ఆరు నెలల్లో ఉప ఎన్నిక పెట్టాలి, మిగిలిన కాలం ఏడాదిలోపే ఉంటే తప్ప. రెండో స్థానంలో వచ్చినవాళ్లకు సీటు దక్కదు.

"మరి కొత్తగూడెంలో దక్కింది కదా" అని అడగవచ్చు. 2023 జూలైలో అక్కడి ఎమ్మెల్యే ఎన్నికను అఫిడవిట్‌లో లోపాల కారణంగా తెలంగాణ హైకోర్టు రద్దు చేసి, రెండో స్థానంలోని అభ్యర్థి గెలిచినట్టు ప్రకటించింది, దాని మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. పత్రికల్లో అదీ అనర్హత వేటే. కానీ నిజానికి అది ఎన్నికే చెల్లకపోవడం, ఎన్నికల పిటిషన్‌లో వచ్చిన తీర్పు. అలాంటి పిటిషన్ ఫలితం ప్రకటించిన 45 రోజుల్లోగా హైకోర్టులో వేయాలి, ఆలస్యానికి మన్నింపు లేదు. నామినేషన్ నాటికే ఉన్న అనర్హత బయటపడితే కూడా దారి ఇదే. ఎన్నిక తర్వాత పుట్టిన అనర్హతలే గవర్నర్ దగ్గరికి వెళ్తాయి, ఆయన ఎన్నికల కమిషన్ అభిప్రాయం తీసుకుని దాని ప్రకారం నడవాలి. ఈ గీత గీసింది 1953లో మద్రాసు అసెంబ్లీ సభ్యుడు సాకా వెంకటరావు కేసు.

లాభదాయక పదవిలో మాత్రం ఒక్కటి గుర్తుంచుకోండి: జీతం తీసుకున్నారా అన్నది కాదు, ఆ పదవికి జీతభత్యాలు ఉన్నాయా అన్నదే ప్రశ్న. 2006లో జయా బచ్చన్ రాజ్యసభ సీటు పోయింది ఇలాగే. కార్పొరేషన్ చైర్మన్ పదవి తీసుకునే ఎమ్మెల్యే, ఆ పదవి రాష్ట్ర అనర్హత మినహాయింపు చట్టం షెడ్యూల్‌లో ఉందో లేదో ప్రమాణం చేయకముందే చూసుకోవాలి.

ఓడిపోయిన చిన్న అభ్యర్థులకు తగిలే అనర్హత ఇంకొకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎన్నికల ఖర్చుల లెక్క ఫలితం వచ్చిన 30 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. గెలిచినా, ఓడినా, డిపాజిట్ పోయినా ఇవ్వాలి. వోచర్లు, రోజువారీ రిజిస్టరు, అఫిడవిట్ అన్నీ ఉండాలి. ఇవ్వకపోతే, నోటీసుకు సరైన కారణం చూపకపోతే, ప్రజాప్రాతినిధ్య చట్టం 10ఏ సెక్షన్ కింద ఎన్నికల కమిషన్ మూడేళ్లు అనర్హులుగా ప్రకటిస్తుంది. తర్వాతి ఎన్నికల్లో నామినేషన్ తిరస్కరించేదాకా చాలామందికి ఈ సంగతే తెలియదు. లెక్క ఇచ్చినట్టు రసీదు తీసుకుని దాచుకోండి.

సర్పంచులు, కార్పొరేటర్ల విషయంలో పైన చెప్పిన సెక్షన్లు చూడకండి. వాళ్లకు రాష్ట్ర పంచాయతీరాజ్, మున్సిపల్ చట్టాల్లో వేరే జాబితా ఉంది, అది మారుతూ ఉంటుంది. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2024 నవంబరులో ఎత్తేసింది. కాబట్టి స్థానిక ఎన్నికలకు నామినేషన్ వేసేవాళ్లు పాత పుస్తకం కాకుండా, నోటిఫికేషన్ నాటికి అమల్లో ఉన్న సవరణ ప్రతి దగ్గర పెట్టుకోవాలి.